తల లేని చెట్టునెమలి

జూలైలో ఒక మంగళవారం పొద్దున ఆల్డర్‌స్టోక్ దివాణం పెద్ద తోటమాలి రూబెన్ టక్‌వెల్ కందకంలో పడ్డాడు. మేడ కిటికీల్లోంచి చూసేవాళ్ళకి కంచె అడ్డం రాకుండా, ఆవులు మాత్రం గులాబీల మీదికి రాకుండా, పచ్చిక చివర ఏ కాలంలోనో ఒక పక్క రాతిగోడ కట్టి తవ్వించిన కందకం అది. దూరానికి కనబడకూడదనే తవ్వారు గనుక కొత్తవాళ్ళు అప్పుడప్పుడు పడుతుంటారు. రూబెన్ కొత్తవాడు కాడు, దాని గోడ బాగోగులు నలభయ్యేళ్ళుగా చూస్తున్నవాడు. పడ్డాక కూడా టోపీ తలమీదే ఉంది. కింద రెండు ఆవులున్నాయి. అవి కాస్త జరిగి చోటిచ్చాయి.

అతని కింద పనిచేసే పెర్సీ లగ్ గట్టుమీంచి తొంగిచూశాడు.

"ఏంటి మేస్త్రీ, అక్కడున్నారు?"

"గోడ చూస్తున్నా."

"పడుకునా?"

"అడుగు వరస పడుకునే చూడాల్రా. నీకెవరూ నేర్పలేదా?"

అబద్ధం చిన్నదే. కానీ సాయంత్రానికల్లా దొరసాని లేడీ ఆర్డెన్ చెవిన పడింది. మర్నాడు ఆవిడ "గోడ ఎలా ఉంది రూబెన్?" అని అడిగింది. బాగుందంటే మరి పడుకుని చూడటమెందుకన్న ప్రశ్న వస్తుంది. అందుకని బాగాలేదన్నాడు. పాపం పెర్సీ వారం రోజులపాటు, నిక్షేపంలాంటి గోడని విప్పి మళ్ళీ కట్టాడు.

అసలు సంగతి భార్య హెస్టర్ ఒక్కదానికే తెలుసు. టాంటన్‌లో కళ్ళ డాక్టరు వసంతంలోనే చెప్పేశాడు: చూపు అంచులనుంచి హరించుకుపోతోంది, పోయింది తిరిగి రాదు, మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను అని. ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది. పక్కనున్నదీ, కాళ్ళ దగ్గరున్నదీ లేనట్టే.

చూపు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాళ్ళు. కూరల తోట గోడని ఆనుకుని వాళ్ళుంటున్నది పెద్ద తోటమాలి ఇల్లు. పనితో వచ్చింది, పనితోనే పోతుంది. రూబెన్‌కి ముందు ఆ పని చేసిన ఏమస్ ప్రింగ్‌కి మోకాళ్ళు పట్టేశాక, చేతిలో ఒక వెండి గడియారం పెట్టి మర్యాదగా సాగనంపారు. ఆయన బ్రిస్టల్‌లో చెల్లెలింటి పైన, కిటికీలో ఒక్క పూలకుండీ కూడా పట్టని గదిలో, రెండు శీతాకాలాలు బతికాడు. ఆయన పెట్టెని స్టేషనుదాకా మోసింది రూబెనే. ఆ బరువు భుజంమీంచి ఇంకా దిగలేదు.

అందుకని హెస్టర్ ఒక ఉపాయం పన్నింది. తెల్లటి ఏప్రను కట్టుకుని పొద్దున్నే తోటలోకి వచ్చేది. ఆమె ముందు, ఆ తెలుపుని చూసుకుంటూ అతను వెనక. తెలుపు పక్కకి తిరిగితే మలుపు, కాస్త కుంగితే మెట్టు. ముప్పయ్యేళ్ళు ఒకరి ముఖం ఒకరు రాత్రి భోజనం దగ్గరే చూసుకున్న దంపతులు పగలంతా ఒకరి వెంట ఒకరు తిరుగుతుంటే లోకం ఊరుకుంటుందా?

"అరవయ్యో ఏట పెళ్ళికొడుకయ్యారు మేస్త్రీ," అన్నాడు పెర్సీ, కుండీల కొట్టులో టీ తాగుతూ. "నాకు నలభై నిండాయి, మా అమ్మ తప్ప నావెంట తిరిగే ఆడది లేదు."

"ముందు మీ అమ్మని తిరగడం మానమను," అన్నాడు రూబెన్. చెవులు మాత్రం బీట్‌రూట్లయ్యాయి. తెలిసి జాలిపడటంకన్నా తెలియక నవ్వడమే నయం అనుకున్నాడు.

ఆగస్టు వచ్చింది. మేడ ముందు మెట్లకి అటొకటి, ఇటొకటి రెండు నెమళ్ళున్నాయి. ఏడాదంతా పచ్చగా ఉండే యూ చెట్లని నెమలి ఆకారంలో కత్తిరించి తీర్చినవి. ఊరందరికీ తోట తెరిచే శనివారానికి ముందు, ఏడాదికోసారి, వాటిని పెద్ద తోటమాలి తన చేత్తోనే కత్తిరించాలి. పెర్సీ నిచ్చెన మొయ్యొచ్చు, కత్తెర ముట్టకూడదు. ఆ కట్టుబాటు పెట్టిందెవరో ఎవరికీ తెలియదు, తప్పింది మాత్రం ఎవరూ లేరు. పెర్సీని టమాటాల పనిమీద పంపేసి రూబెన్ నిచ్చెనెక్కాడు. హెస్టర్ కింద నిలబడింది.

"అదుగో, అక్కడ గడ్డంలా వేలాడుతోంది."

"నెమలికి గడ్డమేంటే?"

"ముక్కు కిందుంటే గడ్డం కాక ఇంకేమంటారు? ఎడమకి. అటు కాదయ్యా, నా ఎడమకి."

"నీ ఎడమ ఎటో నాకేం తెలుసు? నువ్వే కనబడటం లేదు."

హెస్టర్ ఒక్క క్షణం తల దించి తన తెల్ల ఏప్రను వంక చూసుకుంది. ఆ ఒక్క క్షణంలోనే కత్తెర మూసుకుంది. ఏదో దొర్లుకుంటూ వచ్చి ఆమె చెప్పుల ముందు ఆగింది.

"ఏమైందే?"

"ఏం లేదు. దిగు."

"తలేనా?"

"...తలే."

హెస్టర్ తన టోపీసూది తీసి, పురికొస చుట్టి, తలని మెడమీద నిలబెట్టింది. లేడీ ఆర్డెన్ కుక్కతో వాహ్యాళికి వచ్చేదాకా అది నిలబడింది కూడా. ఆవిడ ఎదురుగా వచ్చి ఆగిన తర్వాతే ఒరిగింది. కుక్క దాన్ని నోట కరుచుకుని తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి, మెప్పుకోసం తోకాడించింది.

"ఎవరి పనిది?"

నిచ్చెన తీసుకెళ్దామని పెర్సీ అప్పుడే వచ్చాడు. దొరసాని చూపు నిచ్చెనమీంచి అతనిమీదికి మళ్ళింది.

"నేనేనండీ," అంది హెస్టర్.

"నువ్వా? స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయంటావు కదా హెస్టర్."

రూబెన్ టోపీ తీశాడు. ఏమస్ ప్రింగ్ పెట్టె కళ్ళముందు మెదిలింది. అయినా పెర్సీని ఆ చూపు కింద నిలబెట్టలేకపోయాడు.

"నేనేనమ్మగారూ. నాకు కళ్ళు కనబడటం లేదు. ఆ కందకం గోడకి కూడా ఏం కాలేదు."

"గోడకేం కాలేదా!" అన్నాడు పెర్సీ, తన ఉద్యోగం దక్కిన సంగతి కూడా మరిచిపోయి.

లేడీ ఆర్డెన్ రూబెన్ వైపు తిరిగింది. "కిందటి నెల గులాబీల దగ్గర రాతిబొమ్మకి టోపీ తీసి, ఈ ఏడు వానలు తక్కువ అమ్మగారూ అన్నావు. నేను దాని పక్కనే బెంచీమీద కూర్చునున్నాను," అంది. అని వెళ్ళిపోయింది. ఇంటి ఊసెత్తలేదు.

ఆ తర్వాతి రోజులు వాళ్ళకి గడవలేదు. హెస్టర్ పింగాణీ సామానంతా దించి పాత పేపర్లలో చుట్టడం మొదలుపెట్టింది.

"తొందరపడకే," అన్నాడు రూబెన్.

"తరిమాక సర్దుకుంటే పగుల్తాయి."

అతను బయటికొచ్చి, ఇంటి గోడకి తాను పాకించిన పియర్ చెట్టు కొమ్మల్ని ఒక్కొక్కటీ తడుముతూ నిలబడ్డాడు. ఏ కొమ్మ ఏ ఏడు కట్టాడో వేళ్ళకి తెలుసు. వేరే గోడ దగ్గర ఈ వేళ్ళకి ఏం తెలుస్తుంది?

శుక్రవారం సాయంత్రం లేడీ ఆర్డెన్ వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. చుట్టిపెట్టిన పింగాణీ వంక మాత్రం చూసింది.

"సోమవారంనుంచి కత్తెర పెర్సీది. పెద్ద తోటమాలి కూడా అతనే. అతనికి వాళ్ళమ్మ ఇల్లుంది."

"అలాగేనమ్మగారూ."

"కానీ తల తెగ్గొట్టింది నువ్వు. కొత్త కొమ్మని ఇనప తీగకి కట్టి, వంచి, దాన్ని మళ్ళీ నువ్వే మొలిపించాలి. మొలిచి, నాకు నచ్చేదాకా ఈ ఇల్లు ఖాళీ చెయ్యడానికి వీల్లేదు."

రూబెన్ నిజాయితీపరుడు. అంత మాటలోనూ లొసుగు పట్టుకున్నాడు. "యూ చెట్టు చాలా మెల్లగా పెరుగుతుందమ్మగారూ."

"తెలుసు," అందావిడ. "నాకు ఏదీ ఓ పట్టాన నచ్చదు, అది నీకు తెలుసు."

ఆవిడ వెళ్ళాక హెస్టర్ టీపాత్రొకటి బయటికి తీసి, ఎందుకో ఏడ్చింది. ఇల్లు దక్కింది. చూపు దక్కలేదు. ఆ తల మొలిచేనాటికి అది ఎలా ఉందో ఎవరో ఒకరు అతనికి చెప్పాల్సిందే.

శనివారం తోట తెరిచారు. రూబెన్ నిచ్చెనమీద, కోసిన మెడ దగ్గర లేత రెమ్మకోసం వేళ్ళతో వెతుకుతున్నాడు. కింద హెస్టర్. మెట్ల దగ్గర పూలటోపీ పెట్టుకున్న ఒకావిడ ఆగింది.

"టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది తల లేని పక్షిని చూడ్డానికా? ఎప్పటికి బాగుచేస్తారయ్యా దీన్ని?"

"తొందరేం లేదమ్మా, దాన్ని నిదానంగానే పెరగనివ్వండి," అన్నాడు రూబెన్.