చిలకకు నూనె పట్టిస్తే

1971 డిసెంబరు. అప్పుడు నేను మిర్యాలగూడ పశువుల దవాఖానలో డాక్టరును. మా దగ్గరికి వచ్చేవన్నీ బర్రెలు, ఎడ్లు, మేకలు. పిట్టల వైద్యం పుస్తకంలో చదవడమే తప్ప చేసింది తక్కువ. అందుకే ఒక రైస్ మిల్లు సావుకారు స్వయంగా వచ్చి, "డాక్టర్ సాబ్, మా అమ్మ చిలక సలికి సచ్చేటట్టున్నది, జర రాండ్రి" అంటే నాకు నవ్వొచ్చింది.

"బర్రెల డాక్టరుతో చిలక్కేం పనండీ?" అన్నాను.

"అది తింటలేదు. అది తినేదాక మా అమ్మ తినదట. పొద్దటిసంది మంచినీళ్లు గూడ ముట్టలేదు."

ఆమెకు డెబ్బయ్యేళ్లు దాటాయి. నవ్వు ఆపి బ్యాగు తీసుకున్నాను.

మిల్లు వెనకే ఇల్లు. పెద్దావిడ పంజరం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దానిమీద దుప్పటి, దానిమీద ఇంకో దుప్పటి, పైన ఆమె శాలువా.

"ఈ ఇంట్ల నా మాటకు ఎదురు సెప్పంది ఇదొక్కటే బిడ్డా. దీన్ని బతికియ్యి," అన్నారు.

"కొత్తగా ఏమన్నా పెట్టారా? ఏమన్నా చేశారా?"

"ఏం లేదు. ఎప్పటి లెక్కనే జామపండు, నానిన శనిగలు."

దుప్పట్లు తీశాను. చలేస్తే పక్షి ఈకలు ఉబ్బించుకుంటుంది. వాటి మధ్య నిలిచే గాలే దానికి రగ్గు. దాన్నే మేం ఇన్సులేషన్ అంటాం. ఈ చిలక ఈకలు మాత్రం ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. చేతిలోకి తీసుకోబోతే జారింది. వేళ్లు వాసన చూసుకుంటే నువ్వుల నూనె!

"ఏం లేదన్నారు కదమ్మా! మరి ఈ నూనె ఏంటి?"

"నూనె రాసుడు గూడ సెప్పాల్నా? సలికాలం పసిపిల్లలకు రాయమా? సలి ముదిరినప్పటిసంది జర ఎచ్చజేసి రాస్తున్న."

ఆమె తప్పేముంది? నూనె లేని చలికాలం మన ఇళ్లలో ఏ పసివాడికైనా గడిచిందా? కానీ నూనె పట్టిన ఈక ఉబ్బదు. ఆ సంగతి చెప్పేసరికి పెద్దావిడ ముఖం పాలిపోయింది. "నా సేతులార నేనే సేసిన్నా?" అని గొణిగారు. నాకు జాలేసింది.

ఇక కడగడమొక్కటే దారి. అసలే వణుకుతున్న పిట్టను తడిపితే చేతిలోనే ప్రాణం పోవచ్చు. నాకు భయమేసింది కానీ పైకి అనలేదు. ఆమే అన్నారు.

"సలికి వణికేదాన్ని నీళ్లల్ల ముంచుతవా? నీకు బుద్ధున్నదా?"

"కడక్కపోతే ఈ రాత్రి దాటదమ్మా."

ఆమె ఒళ్లోని పంజరం నా చేతికిచ్చారు. "అయితే నీళ్లు నేనే కాగవెడ్త," అని లేచారు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో, గోరువెచ్చని నీళ్లలో కలిపిన పల్చటి కుంకుడు రసంతో కడిగాను. కళ్లలో, ముక్కులో పడకుండా తల పైకెత్తి పట్టుకున్నాను. పాత చీర ముక్కతో తడి అద్ది, ధాన్యం ఉడకబెట్టే బాయిలర్ గది బయటి గోడకు పంజరం ఆనించాం. ఆ గోడ వెచ్చగా ఉంటుంది, పొగ మాత్రం అవతలికి పోతుంది. హమాలీలు బస్తాలు దించి చుట్టూ చేరారు. వాళ్లను కసరాల్సిన సావుకారు కూడా వాళ్లలోనే నిలబడ్డాడు.

పొద్దు వాలేవేళకు చిలక ముక్కుతో ఈకలు సవరించుకోసాగింది. తర్వాత ఒళ్లు విదిలించి బంతిలా ఉబ్బింది. సంతోషం పట్టలేక నేను వేలు చాపాను. కసుక్కున కరిచింది, రక్తమొచ్చింది.

"కరిసింది! ఒరే, కరిసిందిరా!" అని పెద్దావిడ చప్పట్లు కొట్టారు. నా వేలి సంగతి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. చిలక ఒక శనగ కొరికాకే ఆమె విస్తరి ముందు కూర్చున్నారు.

ఆ తర్వాత సూర్యాపేటలో, మా సొంతూరు కోదాడలో చాలా ఏళ్లు పనిచేశాను. ఎక్కడున్నా "ఏం చేశారు?" అని అడగడం మాత్రం మానేశాను. ఆ మాటకు అందరి జవాబూ "ఏం లేదు" అనే. "దీన్ని ఎట్లా ముద్దుచేస్తారో చెప్పండి" అంటే మొహాలు విప్పారతాయి, ఒక్కటీ దాచకుండా చెప్పేస్తారు. సగం రోగాలు నాకు అక్కడే దొరికేవి.