సోనీ చార్జి అప్పగించిన రోజు

హిందీ మాట్లాడే కార్ఖానాల ఊళ్ళో, టెల్కో కాలనీలో ఓ చిన్న ప్రైవేటు బడి. అక్కడ పద్మకుమారి పద్దెనిమిదేళ్ళుగా లెక్కలు చెబుతోంది. నెమ్మది మనిషే గాని, పట్టు పట్టిందంటే ఉడుమే. ఈ ఏడు ఆ పట్టు సోనీ కోసం.

సోనీది ఎనిమిదో తరగతి. నోటితో అడిగితే జవాబు టకటకా చెబుతుంది. ప్రశ్నపత్రం ముందు పెడితే మాత్రం చేతులు చల్లబడిపోతాయి, తెల్లకాగితం తెల్లగానే తిరిగొస్తుంది. రెండోసారి పెట్టిన పరీక్షలోనూ అంతే. ఎనిమిదిలోనే ఉంచెయ్యాల్సిన పిల్లలు ఎనిమిదిమంది తేలారు. ఆ జాబితాలో హెడ్మాస్టరు గణపతిరావు మొదట రాసింది సోనీ పేరే.

"పిల్లకి వచ్చు సార్," అంది పద్మకుమారి.

"వచ్చని నాకెలా తెలుస్తుందమ్మా? మీరు చెప్పారనా?"

ఆ మాట ఊరికి ఆ చివర కద్మాలో ఉన్న ఇంటిదాకా ఆమె వెంటే వచ్చింది. చెప్పులైనా విడవకుండా తండ్రి ధర్మరాజు దగ్గర వెళ్ళగక్కింది. ఆయన ముప్పై నాలుగేళ్ళు కార్ఖానాలో మూడు షిఫ్టులూ చేసి రిటైరైన మనిషి. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ అంతా విన్నాడు.

"మాకెవుడు పరీచ్చ ఎట్టాడే? షిప్టు దిగినోడు ఎక్కినోడికి చార్జి ఇత్తాడు. ఆడు సెప్పినదాన్నిబట్టి ఈడు మిషను నడిపేత్తే, సెప్పినోడికి పని వచ్చినట్టే. అయితే ఒకటి. 'సబ్ ఠీక్ హై, అంతా బాగానే ఉంది' అనేసి బస్సెక్కేసినోడు చార్జి ఇవ్వనట్టే. మిషను ఎక్కడ మొరాయించిందో అది ముందు సెప్పాల."

"ఓలమ్మ! ఇన్నాళ్ళూ ఈ మాట నాకెందుకు సెప్పలేదు నానా?"

"నువ్వడిగితే గదా! టీచరమ్మనని నీకు పొగరు."

మర్నాడు పొద్దున్నే పద్మకుమారి గణపతిరావు గదిలో నిలబడి తన ఆలోచన చెప్పింది. కామెర్లొచ్చి మూడు వారాలు బడి మానేసిన స్మితది సోనీ తరగతే. స్మిత లేనప్పుడు జరిగిన పాఠాన్ని సోనీ ఆమెకు అప్పగిస్తుంది. తర్వాత సార్ స్మితకు లెక్కలివ్వాలి. స్మిత చేస్తే సోనీ తొమ్మిదిలోకి. చెయ్యలేకపోతే జాబితాలో పేరు అలాగే ఉంటుంది.

"స్మిత చేస్తుండగా సోనీ నోరు విప్పకూడదు," అన్నారాయన.

"విప్పదు సార్."

శుక్రవారం ఆయన గదిలోనే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. సోనీ ముందు తన తప్పే ఎత్తుకుంది.

"ఆరుగురు పన్నెండు రోజుల్లో కట్టే గోడని తొమ్మిదిమంది ఎన్నాళ్ళకి కడతారంటే నాను పద్దెనిమిది అన్నాను. బేవకూఫ్‌ని! మనుషులు పెరిగితే రోజులూ పెరుగుతాయేటి? మా మావయ్య పెళ్ళిలో అయితే పెరిగాయి గాని!"

స్మిత పకపకా నవ్వింది. "మరి ఎన్నాళ్ళే?"

"ఆరుని పన్నెండుతో గుణించు, డెబ్బై రెండు. ఒక్కడే కడితే పట్టే రోజులు. తొమ్మిదిమందికి పంచు, ఎనిమిది. కానీ గుణకారానికి ముందే అడగాల, ఇది పెరిగితే అది పెరుగుతాదా, తగ్గుతాదా అని. నాను అడగలేదు. అక్కడే పడ్డాను."

"సమఝ్ గయీ, తెలిసిపోనాది," అంది స్మిత.

గణపతిరావు మొదటి లెక్క ఇచ్చారు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో మూడు గంటలు పట్టే దారి, అరవై వేగంతో పోతే? రెండు గంటలంది స్మిత. ఆయన రెండోది అందుకున్నారు. నాలుగు షిఫ్టు బస్సుల్లో నూట ఎనభైమంది పడితే, ఆరు బస్సుల్లో ఎంతమంది?

స్మిత చకచకా నాలుగును నూట ఎనభైతో గుణించింది, ఆరుతో భాగించింది. నూట ఇరవై. సోనీ రెండు చేతులతో నోరు మూసుకుని తల దించేసింది.

స్మిత పెన్సిలు ఆగింది.

"ఉండండి సార్. బస్సులు పెరిగితే మనుషులు తగ్గిపోతారేటి!" అని రాసిందంతా కొట్టేసింది. "ఇది రెండూ పెరిగేదే. బస్సుకి నలభై ఐదుమంది. ఆరింటికి రెండొందల డెబ్బై."

"ముందు అలా అడుక్కోవాలని నీకెవరు చెప్పారమ్మా?"

"సోనీ సార్. అది అక్కడే పడిందంట గదా!"

గణపతిరావు జాబితా బయటికి తీసి మొదటి పేరును అడ్డంగా కొట్టేశారు. కింది పేర్ల మీద వేలు పెట్టి, "పద్మకుమారిగారూ, ఈ ఏడుగురినీ సోమవారం రమ్మనండి. వీళ్ళ చేత కూడా చార్జి ఇప్పించి చూద్దాం," అన్నారు.

అప్పటికే సోనీ వరండాలోకి పరుగెత్తింది. "మై నౌవీ మే! తొమ్మిదికి ఎలిపోనాను!" అంటూ ప్రతి తరగతి గుమ్మం ముందూ కేకలు. వరండాలో గొంతు పెగిలితేనే గదమాయించే పద్మకుమారి, గది బయటికొచ్చి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఇంకా గట్టిగా అరువే! పై మేడకి ఇనిపించద్దా?"