మామ భయానికి మైనస్ గుర్తు

మొన్న ఎవరో పరిశోధకురాలు ఫోన్ చేసి, రైతు మనసును కంప్యూటర్ నియమాలుగా రాసిన మా పాత నమూనా కావాలంది. లేదని చెప్పి పెట్టేశాను. ఉంది, బీరువాలోనే ఉంది. ఇవ్వను. దాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, అందులో సగం మంట నా మీదే.

నేను అనంతపురంలో సైకాలజీ చెప్పే రోజులవి. మా పెద్దసారుకు పల్లెలు కారు అద్దంలోంచి తెలుసు. నష్టపోయిన మనిషి భయపడతాడు, భయపడినవాడు వెనక్కి తగ్గుతాడు అని పుస్తకంలో ఒక సిద్ధాంతం. దాన్ని కంప్యూటర్‌కెక్కించి, కరువు ఊళ్ళలో రైతులు విత్తుతారో లేదో ముందే చెప్పే నమూనా చేయమని సారు నాకు అప్పజెప్పాడు. పుస్తకంలోనైతే ‘సాధారణంగా’ అని ఒక మాట వేసి తప్పించుకోవచ్చు, కంప్యూటర్ ఒప్పుకోదు. భయం సున్నాకూ ఒకటికీ మధ్య ఎంత, పంట పోయిన ప్రతిసారీ ఎంత పెరగాలి, అది పెరిగితే విత్తే కోరిక పెరుగుతుందా తగ్గుతుందా, అంటే ప్లస్ పెట్టాలా మైనస్ పెట్టాలా, అన్నీ తేల్చాలి. అడుగుదామని కళ్యాణదుర్గం దగ్గర మా మేనమామ ఊరికి పోయాను. వరుసగా మూడేళ్ళు వేరుశనగ ఎండిపోయినా ఆయన విత్తే గొర్రును బాగుచేసుకుంటున్నాడు. నా ప్రశ్న విని విసుక్కున్నాడు. “ఎయ్యకుండా ఉండేదానికి ధైర్యం కావల్ల పాపా. పక్క చేన్లో గొర్రు కట్టినాక మనది బీడు పెడితే ఊర్లో తలెత్తుకోలేం. భయముండాది గాబట్టే ఏస్తాం.”

అంటే ప్లస్. వచ్చి సారుకు అదే చెప్పాను. “మీ మామ సిద్ధాంతమా?” అని నవ్వాడు. ఆ నవ్వుకు చిన్నబోయి, తప్పని తెలిసీ నా చేత్తోనే మైనస్ కొట్టాను. తెరమీద నాలుగో ఏటికల్లా రైతులందరూ ఇళ్ళలో కూర్చున్నారు. సారు మురిసిపోయి నివేదిక రాసి వ్యవసాయశాఖకు పంపాడు. పంటలు పోయిన ఊళ్ళు ఎలాగూ విత్తవు కదా అని, అక్కడి అధికారులు ఆ ఊళ్ళకు రావలసిన విత్తనకాయలు వేరేచోటికి మళ్ళించారు. మామ ఊరు అందులో ఒకటి.

ఆ ఏడు వాన సరిగ్గా అదనుకు పడింది. ఇంట్లో విత్తనం లేదు, సర్కారు విత్తన డిపోలోనూ లేదు. నేను పోయేసరికి మామ చేనిగట్టు మీద నిలబడి ఉన్నాడు. మైనస్ సంగతి దాచకుండా చెప్పాను. ఆయన నా మొహం చూడలేదు.

“నీ కంప్యూటర్లో నేను ఎయ్యలేదంట గదా. చూడు, ఎయ్యలే.”

అవే ఆయన నాతో ఆడిన చివరి మాటలు. ఒకే ఏడాదిని వందసార్లు వెనక్కి తిప్పి తెరమీద నడిపించినదాన్ని నేను. ఆయనకు ఆ ఒక్క అదనునూ తిరిగి ఇవ్వలేకపోయాను.