నొక్కితే మావయ్య

ఆయన ఏ బటనూ ఊరికే నొక్కడు. లిఫ్టుదైనా, మిక్సీదైనా, పక్కింటి కాలింగ్ బెల్లయినా సరే, చూపుడువేలు బెత్తెడు దూరంలో ఆపి మూడు ప్రశ్నలు వేస్తాడు. నొక్కితే ఏమవుతుంది? నొక్కకపోతే ఏమవుతుంది? నొక్కాక వద్దనుకుంటే వెనక్కి ఎలా రావాలి? మూడింటికీ జవాబు వచ్చేదాకా ఆ వేలు గాల్లోనే ఉంటుంది. వీధిలో పిన్నాపెద్దా అందరికీ ఆయన నొక్కితే మావయ్య. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ముప్పై రెండేళ్ళు నీళ్ళ పంపుహౌసులో మీటల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఎప్పుడో తప్పు మీట నొక్కి సగం ఊరిని ముంచాడనీ, అప్పట్నుంచే ఈ జబ్బు పట్టుకుందనీ ఒక కథ ఉంది. ముంచలేదు, ఎండగట్టాడని ఇంకో కథ. ఆయన రెండూ వింటాడు, రెండింటికీ తలూపుతాడు.

ఆయనతో బయటికి వెళ్ళడమంటే కోడలికి గండం. ఆస్పత్రి లిఫ్టులో ఒకసారి తొమ్మిది మంది ఎక్కారు. వేలు లేచింది.

"నాలుగు నొక్కితే నాలుగుకేనా వెళ్ళేది?"

"నాలుగుకే సార్," అన్నాడు లిఫ్టు మనిషి.

"మధ్యలో కరెంటు పోతే?"

"ఆ ఎర్ర బటన్ నొక్కాలి."

"నొక్కితే ఏమవుతుంది?"

"కింద గంట మోగుతుంది. మనిషి వస్తాడు."

"ఆ మనిషి భోజనానికి వెళ్ళుంటే?"

తొమ్మిది మందిలో ఇద్దరు దిగి మెట్ల దారి పట్టారు. కోడలు నాలుగో అంతస్తు వచ్చేదాకా తన చెప్పులే చూసుకుంటూ నిలబడింది.

బ్యాంకులో అయితే ఇంకా ఘోరం. మిషన్ ముందు మావయ్య, ఆయన వెనక కింది వాటాలో ఉండే దర్జీ పిన్ని, ఆవిడ వెనక ఇంకో పన్నెండు మంది. "రద్దు నొక్కితే కార్డు బయటికొస్తుందా, లోపలే ఉండిపోతుందా?" అని గట్టిగా అడిగాడు.

"నిన్న చెప్పాను కదండీ," అంది గుమాస్తా.

"నిన్న చెప్పింది నిన్నటికి."

ఆవిడ మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. వెనక పన్నెండు మందీ రకరకాలుగా దగ్గారు. దర్జీ పిన్ని ఒక్కతే నోరు మెదపలేదు. ఆవిడ ఎక్కడా, ఎప్పుడూ మెదపదు.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉండగా కోడలి ఉద్యోగానికి ఎసరొచ్చింది. ఫ్రిజ్‌లూ, ఫోన్లూ తయారుచేసే కంపెనీలో ఎనిమిదేళ్ళుగా ఫోన్లో జవాబులు చెప్పే పని ఆమెది. ఇకమీదట ఆ జవాబులు యంత్రమే చెబుతుందని, నెలాఖరుకి అందరూ హెడ్‌సెట్లు అప్పగించి వెళ్ళాలని మెయిల్ వచ్చింది. అదే వారం ఒక వెబ్‌సైట్‌లో పోటీ కనబడింది. ఫోన్ల గురించి, కంప్యూటర్ల గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా వ్యాసాలు రాయాలి. నాలుగు వారాలు, నాలుగు రౌండ్లు. చివరికి మిగిలిన ఆరుగురిలో ఇద్దరికి అక్కడే ఉద్యోగం.

ఎనిమిదేళ్ళు నోటితో చెప్పినదాన్ని, చేత్తో రాయడానికేం అనుకుంది. కూర్చున్నాక తెలిసింది. నోరు తెరిస్తే మాటలొస్తాయి గానీ కీబోర్డు మీద వేళ్ళు పెడితే ఎవరో పెద్దమనిషి వచ్చి ఒంట్లో దూరుతున్నాడు. "నేటి ఆధునిక సాంకేతిక యుగంలో మానవ జీవితం సమాచార ప్రవాహంతో పెనవేసుకుపోయినదనుటలో అతిశయోక్తి లేదు" అని మొదలుపెట్టి, ఫోన్లో ఫొటోలు దాచుకోవడం గురించి పన్నెండు వందల మాటలు రాసి పంపింది.

సంపాదకురాలి దగ్గర్నుంచి ఒక్క వాక్యం వచ్చింది. "చదివాను. ఇప్పుడు నా ఫోన్లో నేనేం చేయాలి?"

రెండో రౌండుకి అరవై మందిని తీసుకున్నారు. ఆమె అరవయ్యోది.

"అరవయ్యోదంటే పోలేదుగా," అన్నాడు మొగుడు, షిఫ్టుకి బూట్లు తొడుక్కుంటూ.

"పోలేదు. తోక పట్టుకుని వేలాడుతున్నాను."

"ఎవరికైనా చదివి వినిపించు మరి."

"ఎవరున్నారు ఇంట్లో?"

మొగుడు ముందుగది వైపు కళ్ళతో చూపించి, ఆమె ఏమైనా విసురుతుందేమోనని గబగబా మెట్లు దిగిపోయాడు.

రెండో రౌండుకి విషయం, నిండిపోయిన ఫోన్లో చోటు చేసుకోవడం. కోడలు రాసింది పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. మావయ్య కళ్ళజోడు సర్దుకుని, కోర్టులో సాక్షిలా నిటారుగా కూర్చున్నాడు.

"సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, స్టోరేజ్ నొక్కి, క్యాష్ క్లియర్ చేయాలి," అని చదివింది.

"నొక్కితే ఏమవుతుంది?"

"చోటొస్తుంది మావయ్యగారూ."

"ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏదో పోతేనే కదా ఇంకోదానికి చోటు. పోయేదేమిటి?"

కోడలు కాగితం మళ్ళీ చూసుకుంది. పోయేదేమిటో ఆమెకి తెలుసు. రాయలేదంతే.

"పనికిరాని తాత్కాలిక ఫైళ్ళు. ఫొటోలు పోవు."

"ఫొటోలు పోవని అందులో రాశావా?"

"లేదు."

"మరి చదివేవాడికి ఎలా తెలుస్తుందమ్మా? వాడి ఇంట్లో నువ్వుండవుగా."

ఆ మాట ఆమెకి మంటెక్కించింది, సరైనది కాబట్టి. రాసింది తీసుకుని లోపలికి వెళ్ళి, మొదటి పేరా మొత్తం కొట్టేసింది. ఒంట్లో దూరిన పెద్దమనిషి గుమ్మం దాకా వెళ్ళాడు గానీ వారం పొడుగునా తొంగిచూస్తూనే ఉన్నాడు. "తద్వారా" అని ఒకసారి, "ఇత్యాది" అని ఒకసారి లోపలికొచ్చాడు. తద్వారా దగ్గర మావయ్య వేలు లేచింది. "ఇదేం బటనమ్మా?"

రెండో రౌండులో ముప్పై ఒకటో స్థానం. మూడో రౌండులో ఆరు. గెలుపు దగ్గరయ్యేకొద్దీ ఆమెకి వణుకు ఎక్కువైంది. వేలాడేవాడికి తోక చాలు, పైకెక్కినవాడికే కింద నేల కనబడుతుంది. ఆఫీసులో పక్క కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఆమె కాల్స్ మధ్యలో మెయిల్ చూస్తుంది, మెయిల్ మధ్యలో గోళ్ళు కొరుకుతుంది. ఎవరికో ఫ్రిజ్ తలుపు గురించి చెబుతూ, "వద్దనుకుంటే వెనక్కి ఎలా రావాలంటే" అని కూడా చెప్పేసింది. ఫ్రిజ్ తలుపులోంచి వెనక్కి రావడమేమిటని అవతలి మనిషి కంగారుపడ్డాడు.

ఆఖరి రౌండు నియమం చదివి ఆమె కుర్చీలో కూలబడింది. పాత ఫోన్లోవన్నీ కొత్త ఫోన్లోకి మార్చుకోవడం మీద వ్యాసం రాయాలి. ఆ పని జన్మలో చేయని మనిషినొకర్ని వీడియో కాల్‌లో కూర్చోబెట్టాలి. ఆ మనిషి వ్యాసం చూసి పని చేస్తుంటే, రాసినవాళ్ళు అదే గదిలో ఉండి కూడా నోరు తెరవకూడదు.

మనిషి కోసం వెతుక్కోవాల్సిన పనేముంది?

"నేను పనికిరానమ్మా," అన్నాడు మావయ్య.

"మీకన్నా పనికొచ్చేవాళ్ళు ఈ భూమ్మీద లేరు."

"దర్జీ పిన్నిని అడక్కూడదూ? కొత్త ఫోన్ కొని నాలుగు నెలలైంది, డబ్బా కూడా విప్పలేదావిడ."

"ఆవిడ నోరే విప్పదు, డబ్బా ఏం విప్పుతుంది? మీరే కూర్చోవాలి. భయపడకండి."

"భయం కాదు..." అని ఏదో అనబోయి, ఆమె కొరికిన గోళ్ళు చూసి ఆగిపోయాడు. "సరే. కానీ వాళ్ళేదైనా అడిగితే మాత్రం నేను అబద్ధమాడలేను."

ఏ మాట వినాలో అదే వినలేదు కోడలు.

ఆదివారం పదింటికి మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. తెర మీద సంపాదకురాలు కనబడింది. పొట్టి జుట్టు, తొందరపడని గొంతు.

"ఈ పని ముందెప్పుడైనా చేశారా అండీ?"

"చేశానండి."

కోడలు గిర్రున ఆయన వైపు తిరిగింది.

"ఎన్నిసార్లు?"

"పదకొండు," అన్నాడు మావయ్య. ఒక్క క్షణం ఆలోచించి, "ఆస్పత్రి లిఫ్టాయనది కూడా కలిపితే పన్నెండు," అన్నాడు.

"అయితే మీరు కుదరరండీ. పది నిమిషాల్లో ఇంకో మనిషి వస్తే సరే. లేకపోతే ఈ రౌండు వదులుకున్నట్టే."

నాలుగు వారాలు, నెలాఖరు, ఖాళీ కుర్చీలు, అన్నీ ఒకేసారి కోడలి కళ్ళముందు తిరిగాయి. పన్నెండు ఫోన్లు మార్చిన మనిషా బ్యాంకులో రద్దు బటన్ గురించి అడిగేది?

మావయ్య మాత్రం కిటికీలోంచి కిందికి వంగి, "చెల్లాయ్, రావచ్చు," అన్నాడు.

దర్జీ పిన్ని మెళ్ళో టేపుతో, చేతుల్లో రెండు ఫోన్లతో తయారుగా వచ్చింది. పాతదాని అద్దం సాలెగూడులా పగిలి ఉంది. మూడు వందల మంది కొలతలు ఆవిడ దాన్లోనే ఫొటోలు తీసి దాచుకుంది. అవి పోతే మూడు వందల మందినీ మళ్ళీ నిలబెట్టి కొలవాలి. అందుకే నాలుగు నెలలుగా డబ్బా విప్పలేదు. ఇప్పుడు అవన్నీ తను రాసిన రెండు కాగితాల మీద ఆధారపడ్డాయని తెలిసి కోడలు వాటిని మనసులోనే మళ్ళీ మొదట్నుంచీ చదువుకుంది.

పిన్ని ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదువుతూ చేసుకుపోయింది. ఛార్జింగ్. వైఫై. రెండు ఫోన్లూ పక్కపక్కన. తర్వాత తెర మీద ఒక గడి లేచింది. "అన్నీ బదిలీ చేయడానికి అనుమతించాలా?" పిన్ని వేలు ఆగిపోయింది. అలవాటు ప్రకారం మావయ్య వంక చూసింది. అలవాటు ప్రకారం మావయ్య నోరు తెరుచుకుంది. కోడలు ఆయన చొక్కా చెయ్యి పట్టి లాగింది. ఆయన జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇక పిన్నికి కాగితమే గతి. అక్కడ ఇలా ఉంది: "అనుమతించు నొక్కితే పాత ఫోన్లోంచి ఏదీ పోదు. దాన్లో ఉన్నవి దాన్లోనే ఉంటాయి, నకళ్ళు మాత్రమే కొత్తదాన్లోకి వెళతాయి. నొక్కకపోతే ఏమీ జరగదు. నొక్కాక వద్దనుకుంటే కింద ఆపు అని ఉంటుంది." పిన్ని రెండుసార్లు చదివింది. నొక్కింది.

పది శాతం. ముప్పై. నలభై ఒకటి. అక్కడ ఆగింది. నిమిషమైంది, మూడు నిమిషాలైంది, నలభై ఒకటి నలభై ఒకటే. కోడలికి అప్పుడు తట్టింది. మధ్యలో ఆగితే ఏం చేయాలో తను రాయలేదు. ఆగినట్టు కనిపించడం మామూలేననీ, కదిలించకుండా వదిలేస్తే చాలనీ ఆఫీసులో ఎన్ని వందలసార్లు చెప్పిందో. కాగితం మీద మాత్రం లేదు. పిన్ని కాగితం అటూ ఇటూ తిప్పింది. వెనకవైపు కూడా చూసింది. ఇప్పుడీవిడ భయంతో ఏదో ఒకటి నొక్కేస్తుంది, అంతా పోతుంది అనుకుని కోడలు కళ్ళు మూసుకుంది.

"అమ్మా," అంది ఒక సన్నటి గొంతు. పిన్నిదే. తెరతో మాట్లాడుతోంది. "ఇది ఆగిపోయింది. ఆగితే ఏం చేయాలో ఇందులో రాయలేదు. నేనేం చేయాలి?"

మావయ్య చేతిలోంచి జేబురుమాలు జారిపోయింది.

"కదిలించకుండా ఉంచండి, అదే నడుస్తుంది," అంది సంపాదకురాలు, ఏదో రాసుకుంటూ. రెండు నిమిషాలకి నడిచింది. నూరు శాతం అయ్యాక పిన్ని ఫొటోలు తెరిచి, "డాక్టరమ్మ చెయ్యి పొడుగు వచ్చింది," అని చెప్పింది. తర్వాత వరసగా ఇంకో పదహారు మంది నడుములూ, భుజాలూ వచ్చాయని సంపాదకురాలికి ప్రకటించాకే కాల్ వదిలింది.

"మావయ్యగారూ, పన్నెండు మందికి ఫోన్లు మార్చారా మీరు? మరి ఆ ప్రశ్నలన్నీ ఎందుకు?" అంది కోడలు.

"మతిమరుపమ్మా. ఎప్పటికప్పుడు మర్చిపోతుంటాను."

"ఏం మతిమరుపు?" అంది పిన్ని. నోరు ఒకసారి తెరుచుకుంది కదా, మూతపడేలా లేదు. "బ్యాంకుకి వెళ్ళాలంటే నేను అన్నయ్యగారు ఎప్పుడు వెళతారో చూసుకుని వెనకే వెళతాను. లిఫ్టయినా అంతే. నేనడిగితే ఇది కూడా తెలీదా అంటారు. ఆయనడిగితే మళ్ళీ వచ్చాడురా బాబూ అంటారు, అంతే కదా. నేనే కాదు, ఆ వరసలో సగం మంది అందుకే నిలబడతారు."

కోడలికి ఆ పన్నెండు దగ్గులూ గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని నిజం దగ్గులో ఇప్పుడు తేల్చడం కష్టం.

బుధవారం ఫలితం వచ్చింది. ఆమెది రెండో స్థానం. "మధ్యలో ఆగితే ఏం చేయాలో రాయనందుకు మార్కులు తగ్గించాం," అని రాసింది సంపాదకురాలు. "మిగతా అయిదుగురు తెచ్చిన మనుషులు అర్థమైనట్టు తలూపి తప్పు బటన్లు నొక్కారు. మీరు తెచ్చిన మనిషి ఆగి అడిగింది. అడగడం తప్పు కాదనిపించేలా రాయడం ఎలాగో మీకు తెలిసింది. ఉద్యోగంలో చేరడానికి ఇష్టమైతే కింద అంగీకరిస్తున్నాను అన్న బటన్ నొక్కండి."

కోడలు నొక్కలేకపోయింది. అరవై మందిలో అరవయ్యోదానిగా ఉన్నప్పుడు లేని భయం ఇప్పుడొచ్చి చేతిని పట్టుకుంది. వారానికి రెండు వ్యాసాలు రాయగలనా? మళ్ళీ ఆ పెద్దమనిషి ఒంట్లో దూరితే? వేలు బెత్తెడు దూరంలో గాల్లో నిలబడింది. పది నిమిషాలైంది.

నీళ్ళ గ్లాసు కోసం అటుగా వచ్చిన మావయ్య ఆమె భుజం మీదుగా వంగి తెర చదివాడు. వేలు చాపి టక్కున నొక్కేశాడు.

"అదేంటి మావయ్యగారూ, ఒక్క ప్రశ్నయినా వేయలేదు?"

"ఇక్కడ మనిద్దరమే ఉన్నాంగా," అన్నాడాయన, గ్లాసు తీసుకుని వెళ్ళిపోతూ. "ఎవరి కోసమమ్మా అడగడం?"