సీలు విప్పని డబ్బా

ఐవర్ స్టెనెరుడ్ ముప్పై ఏళ్ళు మోంటానాలో గోధుమ గిడ్డంగి కాసి, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఇంట్లో తూటాలు కట్టడం మొదలుపెట్టాడు. కాల్చి పారేసిన ఇత్తడి డొప్పలు ఏరుకొచ్చి, కడిగి, కొత్త తుపాకీమందు పోసి, కొత్త గుండు బిగించడమే పని. ఆ ఊళ్ళో సగం గ్యారేజీల్లో ఇందుకో బల్ల ఉంటుంది. ఐవర్ మొదలుపెట్టి ఆరు నెలలే అయినా మాటలు మాత్రం కోటలు దాటేవి. కొట్లో తూటాలు కొనేవాణ్ణి చూస్తే, ఇంట్లో వంట లేక హోటల్లో తినేవాణ్ణి చూసినట్టు జాలిపడేవాడు.

పని నేర్పిన ముసలి క్లైడ్ మాత్రం ఒకే పాట పాడేవాడు. "బల్లమీద ఒక్క డబ్బానే ఉండాలి. లేచేముందు కొలిచే గొట్టంలో మిగిలిన మందు తీసి, దాని డబ్బాలోనే పోసెయ్. పిస్తోలు మందు గబుక్కున మండుద్ది. అది రైఫిల్ తూటాలో పడిందా, తుపాకీ నీ మొహంమీదే పేలుద్ది."

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా క్లైడ్?" అనేవాడు ఐవర్.

వేట మొదలయ్యే శనివారం కోసం బావమరిది వెండెల్‌కి పది రైఫిల్ తూటాలు కట్టాడు. తెల్లారకముందే వెండెల్ వచ్చి పెట్టె ఊపి చూశాడు.

"పేల్తాయా బావా, తుస్సుమంటాయా?"

"దుప్పినడుగు, అది చెప్తుంది."

వెండెల్ వెళ్ళాక ఐవర్ తీరిగ్గా కాఫీ తాగి, బల్ల తుడుద్దామని గ్యారేజీలోకి వెళ్ళాడు. ఉన్న ఒక్క రైఫిల్ మందు డబ్బా పక్కకు జరపబోతే మూత మీద సీలు కనిపించింది. అది చెక్కుచెదరలేదు.

ఈ డబ్బా విప్పనే లేదంటే, ఆ పదింట్లో పోసిందేమిటి? బుధవారం తన పిస్తోలుకు తూటాలు కడుతుంటే భార్య లవాన్ భోజనానికి పిలిచింది. ఉన్నపళంగా లేచి వెళ్ళాడు. గురువారం ఈ పది కట్టడానికి వచ్చేసరికి గొట్టం నిండా మందు ఉంది. ఆ పొద్దున తనే రైఫిల్ మందు నింపి ఉంచానని అనుకున్నాడు. అనుకున్నాడే గానీ చూడలేదు.

వెండెల్‌కి ఫోన్ చేశాడు. ఆ కొండల్లో సిగ్నల్ ఎక్కడ ఏడ్చింది కనక!

"ఎక్కడికా పరుగు?" అంది లవాన్.

"మీ తమ్ముడి దగ్గరికి," అన్నాడు. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గు అలాంటిది, ప్రాణాల మీదికొచ్చినా మనిషిని వదలదు.

ఇరవై మైళ్ళు మట్టిరోడ్డు మీద పికప్పు ఎగిరెగిరి పడింది. వాగు దగ్గర వెండెల్ తన బండి వెనక కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు.

"ఏంటి బావా, తుస్సుమంటాయని నీకే అనుమానమొచ్చిందా?"

"తూటాలిచ్చెయ్‌రా. ఒక్కటీ కాల్చకు. మందు తప్పు పోశాను."

వెండెల్ నమలడం ఆపాడు. "నా దగ్గర లేవు బావా. మా కరీన్ పట్టుకెళ్ళింది, నా రైఫిలూ అదే తీసుకుంది. మావయ్య కట్టినవాటితోనే మొదటి దుప్పిని కొడతానని కూర్చుంది."

కరీన్ అతని కూతురు. పంతొమ్మిదేళ్ళది. వెండెల్ చూపించిన వైపు, అర మైలు దూరాన మెట్టమీద వేటగాళ్ళు తొడుక్కునే నారింజరంగు చొక్కా ఒకటి బోర్లా పడుకుని ఉంది. దానికి దిగువన దుప్పుల మంద మేస్తోంది.

ఎదురుగాలి. ఎంత అరిచినా వినపడదు. ఐవర్ బండిలోకి దూకి, వేట రోజున ఆ చుట్టుపక్కల ఎవడూ చెయ్యని పని చేశాడు. హారన్ మీద చెయ్యి పెట్టి నొక్కిపట్టాడు. లోయలో ఉన్న వేటగాళ్ళంతా జన్మంతా తిట్టుకున్నా సరే, మంద పారిపోతే పిల్ల కాల్చదని అతని ఆశ.

దుప్పులు తలలెత్తాయి. కదిలాయి. కానీ చప్పుడుకు దూరంగా, నేరుగా మెట్టమీదికే పరుగుతీశాయి. చేతికందిన వేట జారిపోతోందని కరీన్ గబగబా మోకాళ్ళమీద లేచి తుపాకీ భుజానికెత్తింది.

"ఆపు బావా, ఆపు," అంటున్నాడు వెండెల్.

అప్పుడు వినిపించిన చప్పుడు రైఫిల్ చప్పుడులా లేదు. వెండెల్ మెట్టవైపు పరుగెత్తాడు. ఐవర్ చెయ్యి హారన్ మీదే ఉండిపోయింది.