చల్లారిన టీ

కేంబ్రిడ్జి శివారులోని ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో ఈనిడ్ థర్లో ఆరేళ్లుగా కంప్యూటర్ల మీటలు పరీక్షిస్తోంది. అవి పిల్లలు ఇంట్లో ఆడుకునే కంప్యూటర్లు. మీటలన్నీ వరసగా నొక్కి, అన్నీ పలికితే ఆకుపచ్చ చీటీ అంటించడం ఆమె పని. గంట నడిస్తే చాలు, ఆ పెట్టెల పైమూత సెగలు కక్కేది. టీ కూజా దాని మీదే పెట్టుకోవడం ఆ హాల్లో అందరికీ అలవాటు. కూజా చల్లారితే పెట్టె చచ్చినట్టే. ఆ లెక్క ఈనిడ్‌కు ఎన్నడూ తప్పలేదు.

ఆ ఏడాది ఆటపెట్టెల అమ్మకాలు పడిపోయాయి. ఇంజనీరు డెస్మండ్ రిస్క్ అనే కొత్తరకం చిప్పుతో ఒక వర్క్‌స్టేషన్ కంప్యూటర్ తయారుచేశాడు. అది ఇళ్లకు కాదు, వంతెనలు, భవనాల నమూనాలు గీసే ఆఫీసులకు. ఆ వ్యాపారంలోకి దిగాలా వద్దా అన్నది శుక్రవారం టీ వేళకు యజమాని లాత్‌బరీ తేల్చాలి. దిగితే ఈనిడ్ బల్ల ఎత్తేస్తారని హాలంతా గుసగుసలు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇంకెవరు పనిస్తారు?

శుక్రవారం ఆ కొత్త పెట్టె ఆమె బల్ల మీదికే వచ్చింది. మీటలు నొక్కింది, కూజా పెట్టింది. గంట తర్వాత యజమాని వచ్చేసరికి కప్పులో పోసి చూసింది.

"ఇది పోయిందండీ," అంది, లోలోపల సంతోషిస్తూ. "టీ చూడండి, మా అత్తగారి పలకరింపులా ఉంది."

వెంట వచ్చిన డెస్మండ్ మొహం పాలిపోయింది. "నడుస్తూనే ఉందండీ! తెర మీద వంతెన బొమ్మ తిరగడం లేదూ?"

"చర్చి మీద రేకు కోడీ గాలికి తిరుగుతుంది నాయనా. బతికున్నట్టా?"

లాత్‌బరీ మూత మీద చెయ్యి వేశాడు. చెవి ఆనించాడు. "ఫ్యాను లేదా?"

"అక్కర్లేదండీ. చిప్పుకి ఆదేశాలు కొన్నే ఉంచాం. పరుగెక్కువ, కరెంటు తక్కువ. అందుకే వేడెక్కదు."

"అయితే వేడికి తట్టుకునే ఇనప పెట్టెలు కొత్తగా పోయించక్కర్లేదు! మన ప్లాస్టిక్ పెట్టే చాలు! ఇన్నాళ్లూ ఈ ముక్క చెప్పవేమయ్యా?"

"నివేదికలో తొమ్మిదో పేజీలో రాశానండీ."

"తొమ్మిదో పేజీ దాకా ఎవడు చదువుతాడు? దిగుతున్నాం!"

తన గొయ్యి తానే తవ్వుకున్నానని ఈనిడ్‌కు అర్థమైంది. "మరి నా బల్ల?"

"ఎక్కడికి పోతుంది? దీనికీ మీటలున్నాయిగా థర్లో గారూ."

ఆమె ఊపిరి పీల్చుకుంది. వెంటనే మొహం ముడుచుకుంది. "మరి టీ?"



నెల తిరిగేసరికి హాల్లో పాత పెట్టెలన్నీ పోయాయి, ఈనిడ్ బల్ల చివర ఒక్కటి తప్ప. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అది నడుస్తూనే ఉండేది, నెత్తిన కూజాతో. రోజూ వచ్చీ రాగానే ఆమె ముందు దాని మీటలే పరీక్షించేది. కొత్తవాటి సంగతి తర్వాత.