చిచ్చా దాచిన ఆకుపచ్చ జిల్దు

చిలకలగూడలో పుస్తకాలకు జిల్దులు కట్టే మా చిచ్చా పోయారన్న కబురు నాకు బడిలో, మూడో పీరియడులో తెలిసింది. హాజరు రిజిస్టర్లు కుట్టించుకు రమ్మని మా గుమాస్తాను పొద్దున్నే పంపాను. పట్టుకెళ్లినవి పట్టుకెళ్లినట్టే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "దుకాణం బందున్నదమ్మా. పెద్దాయన తెల్లారంగ పోయిండట. నమాజు చేసి మల్ల ఒరిగిండట, లేవలేదట," అన్నాడు. అప్పుడు నేను పిల్లల చేత పదమూడో ఎక్కం చెప్పిస్తున్నాను. ఆపడం తోచక చివరిదాకా చెప్పించాను. తరువాత సెలవు చీటీ రాసి ఇచ్చి, మెట్టుగూడ నుంచి చిలకలగూడ దాకా నడిచాను.

నేను వెళ్లేసరికి మగవాళ్లు ఆయన్ను తీసుకువెళ్లిపోయారు. ఆయన భార్యను నేను చాచీ అంటాను. ఆమె పక్కన కూర్చున్నాను. ఎదురుగా పని గదిలో ఆయన కత్తులు, దారపు ఉండలు, బంక గిన్నె ఎక్కడివక్కడ ఉన్నాయి. గోడకు ఎప్పుడూ ఒక పాత అట్ట వేలాడుతూ ఉండేది. ఆ మేకు ఖాళీగా ఉంది. అప్పటి దుఃఖంలో అదేమిటని అడగలేదు.

చిచ్చా అంటే చిన్నాన్నే గానీ, ఆయనకూ మాకూ రక్తసంబంధం ఏమీ లేదు. మేము బెజవాడ వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చిన క్రైస్తవులం. ఆయన నల్లగొండ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన ముసల్మాను. ఇంట్లో మాట తెలుగు, నేర్చిన చదువు ఉర్దూ. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అలాంటి మనిషి ఇంగ్లీషు పద్యాల పాత పుస్తకాలు ముప్పై ఏడు పోగుచేశారంటే మీరు నమ్మకపోవచ్చు. మొదట్లో నేనూ నమ్మలేదు. ఎవరో దొర ఇచ్చిపోయిన చెత్త అనుకున్నాను.

ఇంగ్లండులో నూరేళ్ల కిందట కొందరు కుర్ర చిత్రకారులు జట్టు కట్టారట. ప్రీ-రాఫెలైట్లు అని పేరు పెట్టుకున్నారు. వాళ్లలో కొందరు కవులు కూడా. పద్యం రాసి, దానికి బొమ్మ వేసి, అట్ట మీద బంగారు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కూడా తామే గీసి ఇచ్చేవాళ్లట. ఇదంతా నేను ట్రైనింగు కాలేజీ లైబ్రరీలో చదివి ఆయనకు చెప్పాను. ఆ పేరు ఆయనకు నోరు తిరగలేదు. "గా జమాతోళ్లు" అనేవారు, అంతే. ఒక్కొక్కరినీ మాత్రం చేతి పనిని బట్టి గుర్తుపట్టేవారు. భూతద్దం పెట్టి బొమ్మ మూలన ఉన్న సంతకం గుర్తు చూసి, "గీయన కొమ్మల సాబ్. గాయన నెమలి సాబ్. గీ మూడో ఆయన ఆడోళ్ల మెడలు జెర పొడుగు గీస్తడు," అని చెప్పేవారు. తరువాత నేను పేర్లతో సరిచూశాను. ముప్పై ఏడింటిలో రెండే తప్పాయి. ఆ రెండు చోట్ల పుస్తకమే తప్పు అచ్చువేసిందని ఆయన వాదన.

నేను ఆ పద్యాలు చదివి తెలుగులో అర్థం చెప్పాలి. దానికి బదులు ఆయన నాకు పుస్తకం కుట్టడం, బంక కాయడం నేర్పారు. పద్యాల్లో ఎక్కువ దిగులే. కిటికీ దగ్గర జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, రాని మనిషి కోసం ఎదురుచూపు. నాలుగు పద్యాలు ఓపిగ్గా విని ఆయన అడిగారు. "గామెకు నెత్తి దువ్వేటోళ్లు ఎవ్వలు లేరా బిడ్డా?" లోపల నుంచి చాచీ కూడా నవ్వింది. కానీ మర్నాడు అదే పద్యం మళ్లీ చదవమన్నారు.

ఈ పిచ్చి ఆయనకు ఎలా పట్టుకుందో చెప్పాలి. పడుచుతనంలో ఆయన తిరుమలగిరిలో దొరల క్లబ్బు లైబ్రరీకి జిల్దులు కట్టేవారు. ఒక దొరసాని ఒక పుస్తకం పంపింది. ఆకుపచ్చ గుడ్డ అట్ట. మూల నుంచి పైకి పాకిన సన్నని బంగారు తీగ, దానికి మూడు మొగ్గలు. మిగతా అట్టంతా ఖాళీ. అతుకు వదిలింది, బాగుచేయమని ఆమె చీటీ. మన జిల్దు కట్టేవాళ్లకు బాగుచేయడం అంటే ఒకటే పద్ధతి కదా. పాత అట్ట పీకేయడం, గరుకు అంచులు మూడు వైపులా నున్నగా కోసేయడం, కొత్త తోలు వేయడం. చిచ్చా మేలైన ఎర్రని మేకతోలు తెచ్చి, దాని నిండా ఖాళీ లేకుండా బంగారు పూలు అద్ది, తన చేతి పనంతా చూపించి తీసుకెళ్లి ఇచ్చారు. ఈనాం వస్తుందనుకున్నారు.

దొరసాని పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తిట్టలేదు. పాత అట్ట ఏదని మాత్రం అడిగింది. ఆ గీతలు పద్యాలు రాసినాయన గీసినవేనని, ఆ గరుకు అంచులు కావాలనే అలా వదిలినవని అక్కడి బట్లరు ఉర్దూలో చెప్పాడు. చిచ్చా పరుగెత్తుకుంటూ దుకాణానికి వచ్చారు. రెండట్టల్లో ఒకటి అప్పటికే ఎవరి దస్తరానికో లోపలి దన్నుగా అతికించి పంపేశారు. ఒక్కటి దొరికింది. దాన్ని తుడిచి తీసుకెళ్లేసరికి ఆమె భర్తకు బదిలీ అయి వాళ్లు బంగళా ఖాళీ చేశారు. ఆ అట్టే గోడ మీది అట్ట.

"ఖాళీ ఇడ్సుడు సుత పనే బిడ్డా. నాకు గప్పుడు ఎరుక లేదు," అనేవారు. ఇంకోమాట కూడా అనేవారు. "జిల్దంటే బుక్కుకు తొడిగిన అంగీ అనుకున్న. అది అంగీ గాదు, వాని తోలు."

అలాంటి అట్ట ఉన్న మరో ప్రతి కోసం ఆయన ముప్పై ఏళ్లు వెతికారు. తెల్లవాళ్లు దేశం విడిచి పోయిన ఏడాది కంటోన్మెంటు బంగళాల్లో రోజూ హర్రాజులు, వేలంపాటలే. జనం కుర్చీలకూ గడియారాలకూ ఎగబడుతుంటే ఈయన పుస్తకాల కుప్ప దగ్గర గొంతుకూర్చునేవారు. అలా పోగైనవే చాలా భాగం. ఒకరోజు బొల్లారంలో, తడిసిన పత్రికల కట్ట అడుగున, ఆకుపచ్చ గుడ్డ, తీగ, మూడు మొగ్గలు. అంచులు గరుకుగా ఉన్నవి ఉన్నట్టే. ఇంటికి తెచ్చి గోడ మీది అట్ట పక్కన పట్టుకుని చూసి ఏడ్చారని చాచీ చెప్పింది. నాకు చూపించినప్పుడు మాత్రం, "దొరికింది," అన్నారు, అంతే.

మరుసటి ఏడు రజాకార్ల గొడవలు ముదిరాయి. మేము ఇంటికి తాళం వేసి బెజవాడ వెళ్లిపోయాము. మేము తిరిగొచ్చేదాకా మా క్వార్టరును కనిపెట్టుకున్నది చిచ్చాయే. తరువాత పోలీసు చర్య జరిగింది. భయం ఇల్లు మారింది. ఈసారి ఆయన వాడలో సోదాలు. ఆయన అన్నకొడుకు ఒకడు రజాకార్లలో తిరిగినవాడు, వాడు పత్తా లేడు. అందుకే చిచ్చా ఇంటికి సోదా తప్పదని అందరికీ తెలుసు. వాడలో జనం కాగితమన్నది కనిపిస్తే కాల్చేస్తున్నారు, పెళ్లి పత్రికలతో సహా. ఒక మధ్యాహ్నం చిచ్చా రిక్షాలో ఒక ట్రంకుపెట్టె వేసుకుని మా గుమ్మం ముందు దిగారు. లోపలికి రాలేదు.

"బాబుగారూ, కాదంటె పరేషాన్ గాను. ఇంట్ల ఉంటె మావోళ్లే కాలవెడ్తరు," అన్నారు నాన్నగారితో.

నాన్నగారిది రైల్వే ఉద్యోగం. ఆయన ఒక్క క్షణం వెనకాడడం నేను చూశాను. తరువాత, "మా ఇంటిని మీరు చూసుకున్నారుగా సాయిబుగారూ. పట్టండి, లోపల పెడదాం," అని తనే ఒక పక్క చెయ్యి వేశారు.

ఇక నేను చేసిన ఘనకార్యం. సోదావాళ్లు మా ఇంటికీ వస్తే, ఈ బంగారు పుస్తకాలు ఎక్కడివని అడిగితే? నేను బడిపంతులమ్మను. మా ఇంట్లో బడి పుస్తకాలుంటే ఎవరికీ అనుమానం రాదు. జూన్ నెలలో పిల్లల పుస్తకాలకు అట్టలు వేసినట్టే ముప్పై ఏడింటికీ గోధుమరంగు కాగితం వేశాను. ఊడకుండా ఉండాలని మడతలు మాత్రమే కాదు, కాగితమంతా బంక పూసి అట్టకే అతికించాను. మైదా బంక. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపాలని చిచ్చా నేర్పారు కదా, ప్రేమ కొద్దీ రెండు పాళ్లు ఎక్కువే కలిపాను. మీద చీటీలు అతికించి, లెక్కలు, భూగోళం, వ్యాకరణం అని, ఏ తరగతివో కూడా రాశాను. రెండు రోజులు పట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ఇంటికి ఎవరూ రాలేదు. సోదావాళ్లు చిచ్చా ఇంటికే వచ్చారు. ఉన్న కాగితమంతా వీధిలో పోశారు.

చలికాలంలో ఆయన పెట్టె కోసం వచ్చారు. మనిషి సగమయ్యారు. మూత తీసి, పైనున్న పుస్తకం అంచు వెంట బొటనవేలు నడిపారు. వాసన చూశారు.

"మైలుతుత్తం ఏసినవా?"

"వేశాను చిచ్చా. మీరు చెప్పినట్టే."

ఆ మాట నా నోట్లో ఉండగానే, నేను ఆ బంక పూసింది బంగారు గీతల అసలు అట్టల మీదేనని నాకు అర్థమైంది. ఆయన అక్కడే నేల మీద కూర్చున్నారు. "మంచిగనే ఏసినవ్. పురుగు రాదు," అన్నారు. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆయన నా వైపు చూడకుండా, "ఆ దొరసాని నన్నెందుకు తిట్టలేదో ఇన్నేండ్లకు తెలిసింది బిడ్డా. తిట్టబుద్ధి గాదు," అన్నారు. ఆయన తిట్టి ఉంటే నేను ఇంత కాలం మోసేదాన్ని కాదు.

ఆ ఏడాది ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక చిలకలగూడ వెళ్లాను. తడిగుడ్డ కప్పి, ఆవిరి పట్టి, పలచని ఎముక బద్దతో కాగితం లేపడం. ఒక్కో అట్టకు ఒక్కో ఆదివారం. కొన్ని తేరుకున్నాయి. కొన్నింటి గుడ్డ మీద తుత్తం మరక నిలిచిపోయింది, బంగారం పొట్టులా రాలింది. ఆయన ఎప్పుడూ విసుక్కోలేదు. "జెర నిదానం. అది తొందర పడ్తలేదు, నువ్వెందుకు పడ్తవ్?" అనేవారు. చివరికి ఒక్కటి మిగిలింది. ఏ చీటీ కింద ఏ పుస్తకం ఉందో నాకు బాగా గుర్తు. ఆకుపచ్చది, "లెక్కలు". నేను దానికోసం చెయ్యి చాపాను.

"అది ఉండనీ," అన్నారు. తీసుకెళ్లి లోపల పెట్టారు.

ఏడేళ్లు గడిచాయి. అది ఎందుకూ పనికిరాకుండా పోయిందని, నా ఎదుట పారేయలేక దాచారని అనుకున్నాను. ఒక మనిషి ముప్పై ఏళ్లు వెతికి సాధించుకున్నదాన్ని నేను రెండు రోజుల్లో పాడుచేశానన్న ఆలోచనతో ఎన్నిసార్లు ఆయన గుమ్మం ఎక్కానో. ఒక్కసారీ అడగలేకపోయాను. ఆయనా ఆ మాట ఎత్తలేదు. పద్యాలు చదివాను, చాయ్ తాగాను, ఇంటికి వచ్చాను.

మొన్న నలభయ్యో రోజు ఫాతెహాకు, పోయినవారి కోసం చేసే ప్రార్థనకు, వెళ్లాను. బయట టీ హోటల్లో హైదరాబాదు రాష్ట్రం ఉంటుందా, ఆంధ్రలో కలుస్తుందా అని గట్టిగా వాదించుకుంటున్నారు. భోజనాలయ్యాక చాచీ తెల్లగుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "గిది నీకియ్యమన్నడు. మస్తు దినాలు జేసిండు," అంది.

విప్పాను. పుస్తకం సైజుకు కట్టిన పెట్టె. ఆకుపచ్చ గుడ్డ. మూత లోపలి వైపు, గోడ మీది పాత అట్ట ఒదిగి ఉంది. తీగ, మూడు మొగ్గలు. దానికి ఎదురుగా, నా గోధుమరంగు కాగితంలో, నా చీటీతో, ఆ పుస్తకం. కాగితం ఒక్క చోట కూడా లేపలేదు.

"ఇప్పమంటె ఇనలేదు," అంది చాచీ. "బిడ్డ ఏసింది, గిది సుత దాని అసలు జిల్దే అన్నడు. ఒకపారి పారేసిన, మల్ల పారెయ్య అన్నడు."

మూత మూసి చూసుకున్నాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. నా చీటీని ముందు పెట్టుకుని, ఒక్కో అక్షరాన్ని బొమ్మలా చూసి, పెట్టె మీద బంగారంతో అద్దారు. లెక్కలు, ఆరో తరగతి. నా వాలు రాతే, నా తలకట్లే. చుట్టూ అంతా ఖాళీ. ఆ చీటీ రాసిన రోజు కంగారులో నా కలం కారి "తరగతి" పక్కన ఒక సిరా చుక్క పడింది. అది కూడా అక్షరమే అనుకున్నారో ఏమో, దాన్నీ వదల్లేదు. ఇది రాస్తుంటే పెట్టె నా బల్ల మీదే ఉంది. కిటికీ వెలుతురు పడినప్పుడు ముందుగా మెరిసేది ఆ చుక్కే.